తొలినాటి చర్చి, తొలినాటి మసీదు

క్రైస్తవుల చర్చిని, ముస్లిముల మసీదును ఒకచోట నిలిపి పోల్చునపుడు సాధారణముగ ఒక ప్రశ్న వినబడుచుండును: ఎవరు ఎవరిని అనుకరించిరి? ముందు పుట్టినది చర్చి గనుక మసీదు దానిని చూచియే కట్టబడినదని కొందరందురు. కాదు, మసీదు స్వతంత్రముగ పుట్టినదని మరికొందరు వాదింతురు. ఈ ప్రసంగములో మేము ఆ వివాదమున ఏ పక్షమును వహింపదలచలేదు. అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదని మాత్రము మనవి చేయదలచితిమి. ఆ కట్టడములోనికి వచ్చిన మనుష్యులు అక్కడ ఏమి చేయుదురు? ఎటు తిరిగి నిలుతురు? ముందుకు నడతురా, వరుసలు తీరి వంగుదురా? దీనికి సమాధానము దొరకినచో స్తంభములును గుమ్మటములును చాలవరకు తమంతట తామే బోధపడును. రాయి, ఇటుక, సున్నము, పనివారి నేర్పు ఇరువురకును ఒక్క అంగడిలోనే దొరకినవి. ప్రార్థన మాత్రము ఎవరిది వారిదే.

పేరులే ఈ సంగతిని తెలుపుచున్నవి. గ్రీకు భాషలో చర్చికి వాడిన 'ఎక్లీసియా' యను మాటకు మొదట కట్టడమని అర్థము కాదు; జనుల సమావేశమని అర్థము. తెలుగు క్రైస్తవులు నేటికిని జనులను 'సంఘము' అనియు, కట్టడమును 'మందిరము' అనియు వేరుచేసి చెప్పుటలో ఆ పాత భేదమే నిలిచియున్నది. అరబ్బీలో 'మస్జిద్' అనగా నుదురు నేలకు మోపి మ్రొక్కు చోటు. ఒక పేరు జనులను చెప్పుచున్నది. ఒక పేరు వారు చేయు పనిని చెప్పుచున్నది. రెండింటిలోను గోడల ప్రసక్తి లేదు. ప్రాచీన గ్రీకు, రోమను దేవాలయములు ఇట్టివి కావు. అవి దేవతావిగ్రహమునకు నివాసములు. బలులు వెలుపలి పీఠముపై జరుగుచుండెను. జనులు ఆరుబయట నిలుచుచుండిరి. కనుక గుడి సొగసంతయు బయటినుండి చూచుటకు ఏర్పడినది. చర్చికిని మసీదునకును కావలసినది అందుకు విరుద్ధము. జనులందరును లోపలికి రావలెను. ఈ అవసరమునుండియే ఆ రెండు కట్టడములును పుట్టినవి.

రెండింటికిని మరియొక పోలిక కలదు. రెండు మతములును తమకంటూ ఒక శిల్పరీతి లేకుండగనే పుట్టినవి. రోమను ప్రభుత్వము క్రైస్తవమును గుర్తింపని తొలి శతాబ్దములలో క్రైస్తవులు విశ్వాసుల యిండ్లలోనే కూడుకొనుచుండిరి. అట్టి ఇంటికి ఒక ప్రత్యక్ష సాక్ష్యము సిరియాదేశమున దొరకినది. యూఫ్రటీసు నది యొడ్డున దూరా యూరోపోస్ అను కోటపట్టణము ఉండెను. 256 ప్రాంతమున పర్షియాదేశపు ససానీయ సేనలు దానిని పట్టుకొనగా, ఆ ఊరు పాడుపడి ఇసుకలో మరుగయ్యెను. 1930 తరువాతి తవ్వకములలో అక్కడ ఒక ఇల్లు బయటపడినది. బయటినుండి చూచిన అది ఇరుగుపొరుగు ఇండ్లవంటిదే. లోపల మాత్రము రెండు గదులనడుమ గోడను తీసివేసి ఒక పెద్ద గదిగ చేసిరి. మరియొక చిన్న గదిలో బాప్తిస్మమునకు తొట్టి నిర్మించి, గోడలపై మంచి కాపరిని, నీటిపై నడచు క్రీస్తును చిత్రించిరి. ఇంటిని చర్చిగ మార్చుటకు వారు చేసినది ఇంతే: ఒక గోడ తీసిరి, ఒక తొట్టి కట్టిరి.

ఇస్లాము చరిత్రలోను ఇట్టి ఆరంభమే కనబడుచున్నది. 622లో ప్రవక్త మహమ్మదు మక్కానుండి మదీనాకు తరలిపోయెను. అక్కడ ఆయన కుటుంబము నివసించు గదులకు ఆనుకొని యొక ఆవరణము ఏర్పడినది. దాని గోడలు పచ్చి ఇటుకలవి. స్తంభములు ఖర్జూరపు మ్రాకులు. పైకప్పు ఖర్జూరపు ఆకులు, మట్టి. ముస్లిములు మొదట జెరూసలేము వైపు, అనగా మదీనాకు ఉత్తరముగ తిరిగి ప్రార్థించుచుండిరి. 624లో ఆ దిశ మక్కా వైపునకు మారినది. మక్కా మదీనాకు దక్షిణమున నున్నది. కనుక ఆవరణములో వెనుక భాగము ముందయ్యెను, ముందు భాగము వెనుకయ్యెను. ఉత్తరపు నీడపట్టు తరువాత ఇల్లు వాకిలి లేని పేద అనుచరులకు ఆశ్రయమయ్యెనని చరిత్రకారులు వ్రాసిరి. ప్రార్థనామందిరము దిక్కు మార్చుటకు అచట కావలసినదెల్ల జనులు అటునుండి ఇటు తిరుగుటయే. మసీదునకు ప్రాణము గోడలలో గాక దిశలో నున్నదనుటకు ఇంతకంటె తేటయైన నిదర్శనము లేదు.

ఇంటిలో మొదలైన ఈ రెండు ఆరాధనలును పెద్ద కట్టడములను ఎట్లు సంపాదించుకొన్నవో ఇక చూతము. చర్చికి ఆ అవకాశము చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలమున వచ్చినది. 313లో క్రైస్తవులకు ఆరాధనాస్వేచ్ఛ లభించెను. వేలకొలది జనులు పట్టు కట్టడములు ఒక్కసారిగ అవసరమయ్యెను. పాత దేవాలయముల నమూనా వారికి పనికిరాలేదు. లోపల చోటు తక్కువ. పైగా అది తాము విడిచిన దేవతల గుర్తు. అందుచే వారు మతముతో అంతగ సంబంధము లేని మరియొక రోమను కట్టడమును ఎన్నుకొనిరి. అదియే బసిలికా. బసిలికా యనగా న్యాయవిచారణకును వ్యాపారమునకును జనులు కూడు పెద్ద శాల. నడుమ ఎత్తైన నడిమిశాల, దానికి ఇరువైపుల స్తంభముల వరుసలు, ఆ స్తంభములకు ఆవల తక్కువ ఎత్తుగల పక్కశాలలు, నడిమిశాల గోడలపై భాగమున కిటికీలు, కొసన అర్ధవృత్తాకారముగ వెలుపలికి ఉబ్బిన భాగము. ఈ భాగమును ఆప్స్ అందురు. రోమనుల కాలమున న్యాయాధికారి అక్కడ కూర్చుండెడివాడు.

క్రైస్తవులు ఈ శాలను ఉన్నదున్నట్లు తీసుకొనలేదు. రోమను బసిలికాలకు ద్వారములు తరచుగ పొడవు వైపున ఉండెడివి. క్రైస్తవులు ప్రధానద్వారమును పొట్టి వైపునకు మార్చిరి. ఈ ఒక్క మార్పుతో శాల స్వభావమే మారిపోయినది. లోపల అడుగు పెట్టినవానికి ఎదురుగ, సుదూరమున, బలిపీఠమును ఆప్స్ భాగమును కనబడుచుండును. ఇరువైపుల స్తంభములు ఒకదాని వెనుక ఒకటి నిలిచి కంటిని, కాలిని ముందుకు నడిపించును. ఇట్లేల చేసిరి? క్రైస్తవ ఆరాధనలో ఊరేగింపునకు చోటు కలదు. బిషప్పు, గురువులు నడచి వత్తురు. సువార్త గ్రంథమును తెత్తురు. రొట్టెయు ద్రాక్షారసమును బలిపీఠము చేరును. కనుక కట్టడము ఒక బాటవంటిదయ్యెను. రోములో నేటికిని నిలిచియున్న సాంటా సబీనా చర్చిలో ఈ రూపము తేటగ చూడవచ్చును. 422 నుండి 432 వరకు కట్టిన ఆ చర్చి నడిమిశాలకు ఇరుప్రక్కల కలిపి 24 పాలరాతి స్తంభములు కలవు. అవి అంతకుముందే యేదో రోమను కట్టడమునకు చెక్కినవి. కాన్‌స్టంటైన్ పేతురు సమాధిపై కట్టించిన చర్చి ఇంతకంటె చాల పెద్దది. వంద మీటర్లకు మించిన పొడవు, ఐదు శాలల వెడల్పు గలది. 16వ శతాబ్దమున దానిని కూల్చి నేటి సెయింట్ పీటర్స్ చర్చిని కట్టనారంభించిరి.

ఈ బాటలో అంచెలు కూడ కలవు. ముందు స్తంభములతో చుట్టబడిన ముంగిలి, దాని నడుమ నీటితొట్టి, తరువాత వసారా, ఆపైని నడిమిశాల, దాని చివర కటకటాలు, వాని ఆవల బలిపీఠము. బాప్తిస్మము పొందనివారు ప్రధానసంస్కారమునకు ముందే వెలుపలికి పోవలసియుండెను. కటకటాల ఆవలి చోటు గురువులది. అనగా, లోతునకు పోయినకొలది పవిత్రతయు, హక్కుయు మారుచుండును. ఇచ్చట ఒక చిన్న సంగతి గమనింపదగినది. నేడు చర్చి యనగానే మనకు తోచు బల్లల వరుసలు ఆ కాలమున లేవు. జనులు నిలుచుండియే ఆరాధించిరి. ఆ విషయమున తొలినాటి చర్చి నేల నేటి మసీదు నేలవలె ఖాళీగనే ఉండెను.

మసీదుకు ఇట్టి అంచెలు అవసరము లేకపోయెను. నమాజులో గురువు చేయవలసిన ప్రత్యేక సంస్కారము లేదు, బలిపీఠము లేదు. ఇమాము ముందు నిలుచును. తక్కినవారు భుజము భుజము కలిపి ఆయన వెనుక వరుసలు తీరుదురు. అందరును ఏకకాలమున వంగుదురు, సాష్టాంగపడుదురు. మొదటి వరుసలో నిలుచుట పుణ్యప్రదమని సంప్రదాయము. కావున మసీదు లోతునకంటె వెడల్పును కోరును. ఇరాకులోని కూఫా పట్టణమున 638 ప్రాంతమున ఏర్పడిన మసీదును గూర్చి అరబ్బు చరిత్రకారులు చెప్పు కథ యొకటి కలదు. ఒక విలుకాడు నడుమ నిలిచి నాలుగు దిక్కులకు బాణములు విడువగా, అవి పడినచోట్లు హద్దులయ్యెనట. ఆ హద్దుల వెంబడి కందకము త్రవ్వి, ఖిబ్లా వైపున మాత్రము పాత కట్టడములనుండి తెచ్చిన పాలరాతి స్తంభములపై కప్పు వేసిరట. ఖిబ్లా యనగా ప్రార్థనలో తిరుగవలసిన దిశ. కథలోని వివరములు ఎట్లున్నను, దాని సారము స్పష్టము: కావలసినది విశాలమైన నేల, ఒక దిశ, కొంచెము నీడ.

ఆ సారము రాజవైభవముతో కూడినచో ఎట్లుండునో డమాస్కసులోని పెద్దమసీదు చూపుచున్నది. ఉమయ్యదు వంశపు ఖలీఫా మొదటి వలీదు 8వ శతాబ్దపు తొలి సంవత్సరములలో దానిని కట్టించెను. 706లో పని ఆరంభమై సుమారు పది సంవత్సరములు సాగినది. ప్రార్థనాశాల వెడల్పు సుమారు 136 మీటర్లు, లోతు సుమారు 37 మీటర్లు మాత్రమే. శాలలో మూడు దీర్ఘమైన నడవలు ఖిబ్లా గోడకు సమానాంతరముగ సాగుచున్నవి. ఒక్కొక్క నడవను విడిగ చూచినచో అది బసిలికావలెనే కనబడును: అవే రోమను స్తంభములు, అవే కమానులు, పైన కొయ్యకప్పు. కాని బసిలికాలో ఈ వరుసలు జనులను ముందుకు నడిపించును. ఇచ్చట అవే వరుసలు జనులకు అడ్డముగ పరచుకొని, వారి పంక్తులతో పాటు తామును పంక్తులు తీరుచున్నవి. పాత మాటలతోనే కొత్త వాక్యమును కూర్చినట్లున్నది. ఆ మూడు నడవలను నడిమధ్య ఖండించుచు ఎత్తైన శాల యొకటి మిహ్రాబు వైపు పోవును. దానిపై గుమ్మటము కలదు. మిహ్రాబు ఖిబ్లాను సూచించుటకు గోడలో తొలిచిన గూడు. ఇది రూపమున ఆప్స్ భాగమునకు చిన్న తమ్మునివలె నుండును. కాని ఆప్స్ గురువులు కూర్చుండు చోటు, మిహ్రాబు ఖాళీది. అది చూపునదే కాని పట్టునది కాదు.

దిశ విషయమున ఈ రెండింటికి గల భేదము మరికొంత లోతైనది. చర్చిలు క్రమముగ తూర్పుముఖమునకు అలవడినవి. రోములోని తొలి చర్చిలలో కొన్నింటికి బలిపీఠము పడమట నున్నను, సూర్యోదయ దిక్కునకు తిరిగి ప్రార్థించుట సాధారణ నియమమయ్యెను. తూర్పు ఒక దిక్కు. మక్కా ఒక చోటు. కనుక లోకమునందలి చర్చిలన్నిటి మధ్యరేఖలను గీసినచో అవి ఇంచుమించు సమానాంతర రేఖలగును. మసీదుల రేఖలు బండిచక్రపు ఆకులవలె ఒక్క నాభిని చేరును. డమాస్కసులో ఖిబ్లా దక్షిణము, కైరోలో ఆగ్నేయము, మన హైదరాబాదులో పడమర. ఒకే నియమము ఊరూరికి వేరు దిక్కును చూపుచున్నది.

ఇంతవరకు జనులు కూడి ప్రార్థించు శాలలను గూర్చి చెప్పితిమి. వీనికంటె భిన్నమైన మరియొక తరగతి కట్టడములు కలవు. అవి ఒక పవిత్రస్థలమును, ఒక స్మృతిని చుట్టి నిలుచునవి. వీనికి పొడవు, వెడల్పు ముఖ్యము కావు. నడిమి బిందువు ముఖ్యము. అందుచే ఇవి వృత్తాకారముగనో ఎనిమిది మూలలతోనో కట్టబడి, పైన గుమ్మటము ధరించును. జెరూసలేములో క్రీస్తు సమాధియని విశ్వసింపబడు చోట కాన్‌స్టంటైన్ కాలమున ఒక బసిలికాయు, దాని వెనుక సమాధిని చుట్టి వృత్తాకార మందిరమును లేచినవి. ఆ చర్చి 335లో ప్రతిష్ఠింపబడెను. జెరూసలేమునకు బెత్లెహేమునకు నడుమ, కన్నె మరియ విశ్రమించినదని చెప్పు రాతిని చుట్టి ఎనిమిది మూలల చర్చి యొకటి 5వ శతాబ్దమున వెలసినది. దాని పునాదులు 1992లో బయటపడినవి.

ఇదే జెరూసలేములో 72వ హిజ్రీ సంవత్సరమున, అనగా 691-692లో, ఖలీఫా అబ్దుల్ మలికు 'కుబ్బతుస్ సఖ్రా'ను, అనగా శిలాగుమ్మటమును కట్టించెను. అది మసీదు కాదు. ఒక శిలను చుట్టి నిలిచిన స్మారకము. వెలుపల ఎనిమిది గోడలు. లోపల నాలుగు పెద్ద కంబములును 12 స్తంభములును గల వలయము, దానిపై కొయ్యగుమ్మటము. గుమ్మటపు వ్యాసము సుమారు 20 మీటర్లు. పవిత్రసమాధి మందిరపు గుమ్మటమును ఇంచుమించు అంతే. ఈ పోలిక యాదృచ్ఛికము కాదనుటకు ఒక ముస్లిము రచయితయే సాక్షి. 10వ శతాబ్దమున జెరూసలేములోనే పుట్టిన భూగోళశాస్త్రజ్ఞుడు అల్ ముకద్దసీ తన పినతండ్రితో జరిగిన సంభాషణను వ్రాసిపెట్టెను. డమాస్కసు మసీదుపై వలీదు అంత ధనము వెచ్చింపనేల యని తాను ప్రశ్నింపగా, సిరియాలో క్రైస్తవుల చర్చిలు మనసును దోచునంత అందముగ నుండెననియు, ముస్లిముల దృష్టి వానిపైకి పోకుండ ఖలీఫా అట్టి మసీదును కట్టించెననియు, అబ్దుల్ మలికు కూడ పవిత్రసమాధి గుమ్మటమును చూచియే శిలాగుమ్మటమును తలపెట్టెననియు పినతండ్రి చెప్పెనట. అనుకరణ యనుట కంటె దీనిని సమాధానమనుట యుక్తము. లోపలి కమానులపై సుమారు 240 మీటర్ల పొడవున సాగు శాసనము ఆ సమాధానమును మాటలలోను చెప్పుచున్నది. అది దేవుడొక్కడే యని ప్రకటించి, మరియ కుమారుడైన యేసును దేవుని దూతగ గౌరవించుచునే, దేవునికి కుమారుడు లేడని క్రైస్తవులతో వాదించుచున్నది. తరువాతి కాలమున అబ్బాసీ ఖలీఫా మామూను ఆ శాసనములో అబ్దుల్ మలికు పేరు తీయించి తన పేరు పెట్టించెను. కాని సంవత్సరమును మార్చుట మరచిరి. ఆ మరపువలననే కట్టించినదెవరో నేటికి తెలియుచున్నది.

అలంకారమునందును ఇట్టి ఇచ్చిపుచ్చుకొనుటయు, ఇట్టి భేదమును కలవు. రంగుల గాజుముక్కలను గోడకు పొదిగి చిత్రములు కూర్చు మొజాయిక్ విద్య రెండింటికిని సొత్తు. ఇటలీలోని రవెన్నా నగరమున 547లో ప్రతిష్ఠింపబడిన సాన్ విటాలే చర్చిలో చక్రవర్తి జస్టీనియనును, రాణి థియొడోరాయు పరివారముతో నిలిచియున్నారు. డమాస్కసు మసీదు గోడలపై నదులు, చెట్లు, మేడలు కలవు. మనిషి గాని జంతువు గాని ఒక్కటియు లేదు. అయితే ముస్లిములు బొమ్మలే వేయలేదనుకొనుట పొరబాటు. జోర్డానులోని కుసైర్ అమ్రా యను ఉమయ్యదుల స్నానగృహపు గోడలపై మనుష్యరూపములు విరివిగ కలవు. నిషేధము ప్రార్థనాస్థలమునకు సంబంధించినది. ఇటు క్రైస్తవులలోను 8, 9 శతాబ్దములలో బైజాంటైను సామ్రాజ్యమున విగ్రహములపై తీవ్రమైన తగవు రేగినది. కాన్‌స్టాంటినోపులులోని సెయింట్ ఐరీన్ చర్చి ఆప్స్ భాగమున ఆ తగవు కాలపు సిలువ యొకటి బంగారునేలపై ఒంటరిగ నిలిచియున్నది. పక్కన ఏ రూపమును లేదు.

శబ్దముతోనే నిత్యవ్యవహారము సాగించు మాబోటివారు ఈ కట్టడములలోని ధ్వనిని గూర్చి చెప్పక విడువలేము. జనులను ప్రార్థనకు పిలుచుటకు తూర్పుదేశపు క్రైస్తవులు కొయ్యపలకను కొట్టుచుండిరి. గంటలు తరువాత వ్యాప్తిలోనికి వచ్చినవి. మదీనాలో ముస్లిములు కొమ్మును, కొయ్యపలకను గూర్చి ఆలోచించి, తుదకు మనుష్యకంఠమునే ఎన్నుకొనిరనియు, మొదటి అజాను బిలాలు చెప్పెననియు సంప్రదాయము. లోపలను కంఠమే ప్రధానము. వెనుక వరుసలవారికి ఇమాము స్వరము వినబడనపుడు నడుమ ఒకడు నిలిచి ఆయన పలుకును అందుకొని బిగ్గరగ పలుకును. ఇది మన రేడియోవారి రిలేను తలపించు ఏర్పాటు. చర్చిలో ధ్వని వేరొక పని చేయుచుండెను. 532 నుండి 537 వరకు జస్టీనియను కట్టించిన హాగియా సోఫియా గుమ్మటము సుమారు 31 మీటర్ల వ్యాసము గలది. దాని అడుగున 40 కిటికీలు. ఆ శాలలో ఒక స్వరము పుట్టి అణగుటకు పది సెకండ్లకు మించి పట్టునని శాస్త్రజ్ఞులు కొలిచిరి. అట్టిచోట మాట మాటలో కలిసిపోవును. దీర్ఘమైన గానము మాత్రము వెలుగువలె వ్యాపించును. అక్కడి ఆరాధన ఎక్కువగ గానమై యుండుట ఆ కట్టడమునకు తగియున్నది.

ఇప్పుడు మొదట విడిచిన వివాదము వద్దకు రావలసియున్నది. ఎవరు ఎవరిని అనుకరించిరను ప్రశ్న వట్టి పండితచర్చ కాదు. దాని వెనుక, ఈ కట్టడము ఎవరిదను ప్రశ్న దాగియుండును. డమాస్కసులో ముందు రోమనుల జూపిటరు గుడి ఉండెను. తరువాత దాని ప్రాకారములో బాప్తిస్మమిచ్చు యోహాను చర్చి వెలసినది. 635లో నగరము ముస్లిముల వశమైన పిమ్మట సుమారు 70 సంవత్సరములు రెండు మతములవారును ఆ ప్రాకారములోనే ప్రార్థించిరి. ఒకే ద్వారమున లోపలికి వచ్చి, క్రైస్తవులు పడమటికి, ముస్లిములు తూర్పునకు మరలెడివారని చరిత్రకారులు వ్రాసిరి. వలీదు చర్చిని తీసుకొని కూల్పించి మసీదు కట్టించెను. క్రైస్తవుల ఫిర్యాదు తరువాతి ఖలీఫాలలో రెండవ ఉమరు వద్దకు పోయెననియు, ఇతర చర్చిలపై వారి హక్కును స్థిరపరచి రాజీ కుదిర్చిరనియు అరబ్బు గ్రంథములే చెప్పుచున్నవి. ఆ మసీదులో యోహాను సమాధిగ గౌరవింపబడు మందిరము నేటికిని కలదు. ముస్లిములు ఆయనను యహ్యా ప్రవక్తయని కొలుతురు. 1009లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిము ఆజ్ఞచే పవిత్రసమాధి చర్చి కూల్చబడి, తరువాత మరల కట్టబడినది. ఇందుకు ఎదురుగ మరియొక కథయు కలదు. జెరూసలేము వశమైనపుడు ఖలీఫా ఉమరు ఆ చర్చిలో ప్రార్థించుటకు నిరాకరించెనట. తాను అక్కడ నమాజు చేసినచో ఆ కారణముచేతనే ముందు తరములవారు దానిని మసీదు చేయుదురని ఆయన భయమట. దీనిని సుమారు 300 సంవత్సరముల తరువాత వ్రాసిపెట్టినవాడు క్రైస్తవ మతాధిపతియైన యుటీకియస్.

చేతులు మారిన కట్టడములలో రాళ్లు చెప్పు సాక్ష్యము మరియొకటి కలదు. హాగియా సోఫియా 1453లో మసీదయ్యెను, 1935లో మ్యూజియమయ్యెను, 2020లో మరల మసీదయ్యెను. దాని గోడలు చర్చి దిశకు కట్టినవి. మక్కా దిశ అందుకు కొంత దక్షిణముగ నున్నది. కనుక మిహ్రాబును ఆప్స్ భాగపు నడుమ గాక కొంచెము ప్రక్కకు పెట్టవలసివచ్చెను. ప్రార్థించువారి వరుసలు నేలరాళ్లకు ఏటవాలుగ నిలుచును. స్పెయినులోని కోర్దోబాలో 784 ప్రాంతమున మొదటి అబ్దుర్రహ్మాను ఆరంభించిన మసీదు అందుకు ప్రతిబింబము. ఎరుపు తెలుపు రాళ్ల జంటకమానులతో, పాత కట్టడములనుండి తెచ్చిన స్తంభములతో మొదలై, రెండువందల సంవత్సరములలో మూడుమారులు విస్తరించి, వందలకొలది స్తంభముల అడవియైనది. 1236లో అది చర్చియయ్యెను. 1523లో నగరసభ వ్యతిరేకించినను, దాని నడుమ కొంతభాగమును కూల్చి ఎత్తైన నూతన చర్చిని లేపనారంభించిరి. మసీదు స్తంభముల వరుసలు దక్షిణపు గోడవైపు సాగుచుండగా, ఆ చర్చి వానికి అడ్డముగ తూర్పునకు తిరిగినది. యజమాని మారవచ్చును, పేరు మారవచ్చును. మొదట అక్కడ నిలిచినవారు ఎటు తిరిగి నిలిచిరో ఆ నేల మరువదు.

కావున ఈ కట్టడములను చూచునపుడు గుమ్మటమో కమానో ఎవరి సొత్తని తగవులాడుటవలన తెలియునది స్వల్పము. రోమను స్తంభము చర్చిలోను నిలిచినది, మసీదులోను నిలిచినది. రెండుచోట్లను మోసినది కప్పునే. ఏ కప్పు క్రింద జనులు ఏమి చేసిరను విషయమునందే వారి వారి సొంతదనము కలదు. ఈ సూత్రమును పరీక్షించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ద్వారమునుండి బలిపీఠమునకు బాట తీరియున్నది. 17వ శతాబ్దమున కట్టిన హైదరాబాదు మక్కా మసీదు ఐదు పెద్ద కమానులతో తన ముంగిలివైపు అడ్డముగ పరచుకొనియున్నది. వీని శిల్పరీతులు తొలినాటి రీతులకు చాల దూరము. అయినను ఒకటి నడువుమనుచున్నది, ఒకటి వరుసలో నిలువుమనుచున్నది. దూరా పట్టణమున తీసివేసిన ఆ ఒక్క గోడయు, మదీనాలో ఖర్జూరపు మ్రాకుల నీడన జనులు అటునుండి ఇటు తిరిగిన ఆ ఒక్క దినమును వీనికి మూలములు.